పాత బరంపురంలో వన్ బీహెచ్‌కే: పుట్టీ కింద ఏముంది?

ఒడిశాలోని బరంపురం పాతబస్తీలో, దేశీ బెహరా వీధికి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత నేతింటిని రిపేరు చేసి రెండు వాటాలుగా అద్దెకిస్తున్నారు. ముందు వాటాలో హాలు, పడగ్గది, సన్నటి వంటగది, కొత్త బాత్రూము ఉన్నాయి. అద్దె 7,000, అడ్వాన్సు రెండు నెలలది. ఫొటోల్లో గోపాల్‌పూర్ హోటల్ గదిలా మెరుస్తోంది. డబ్బు బాగానే పోశారు, కాకపోతే కంటికి ఆనే చోటే పోశారు.

ముందు గోడలు. ఇవి ఇటుక, సున్నంతో కట్టినవి. పునాది మీద చెమ్మను ఆపే పొర ఏదీ లేదు కాబట్టి నేలలోని తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది. సున్నం పూత ఉన్నన్నాళ్ళూ అది గాలికి ఆరిపోయేది. రిపేరులో ఆ పూత కొట్టేసి సిమెంటు, దాని మీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేశారు. ఇక తడి బయటికి పోలేదు. ఉప్పును వెంటబెట్టుకుని ఇంకా పైకెక్కి పెయింటును పొరలుగా ఊడగొడుతుంది. పడగ్గదిలో మూడడుగుల ఎత్తున పీవీసీ ప్యానెళ్ళు బిగించింది అందుకే. వాటి పై అంచు దగ్గర గోడను చేత్తో రాస్తే తెల్లటి పొడి రాలుతోంది.

ఏ ఇంట్లోనైనా అనుమానమొస్తే అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి మర్నాడు చూడండి. బొట్లు గోడ వైపు పడితే చెమ్మ గోడదే. గది వైపు పడితే గాలాడక పట్టిన తేమ, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. గోడదైతే మాత్రం సిమెంటు కొట్టించి మళ్ళీ సున్నం పూయించాల్సిందే. టైల్సు అంటిస్తే తడి వాటిని దాటి ఇంకా పైకెక్కుతుంది, అంతే తేడా.

హాల్లో ఒకప్పుడు గుంట మగ్గం ఉండేది. ఆ గుంటను రద్దుతో పూడ్చి, సరిగా దిమ్మిస కొట్టకుండా పైన టైల్సు పరిచారు. కిటికీ పక్కన నాణెంతో తడితే బోలుగా మోగుతోంది. బీరువా అక్కడ పెట్టొద్దు.

పైకప్పు మద్రాసు టెర్రేసు: కర్ర దూలాల మీద నిలబెట్టిన ఇటుకలు, వాటి మీద సున్నపు గచ్చు. గోడలోకి దూరిన దూలం కొసలే ముందు పుచ్చుతాయి. ఇక్కడ వాటిని ఫాల్స్ సీలింగ్ మూసేసింది. ఒక్క లైటు దించమని అడిగి, ఆ కన్నంలోంచి టార్చి వేసి ఫోనుతో వీడియో తీయండి. దించనంటే ఆ ఇల్లు వదిలేయండి. 2013లో ఫైలిన్ తుపాను గాలిని చూసిన ఊరు ఇది, పైకప్పు విషయంలో మొహమాటం పనికిరాదు.

కరెంటు సంగతి కొంత నయం. వైరింగు కొత్తది, ఎర్తింగు ఉంది. అయితే శాంక్షన్డ్ లోడు, అంటే కనెక్షనుకు మంజూరైన వాడకం పరిమితి, 2 కిలోవాట్లే. టన్నున్నర ఏసీ, 2 కిలోవాట్ల గీజరు కలిపి వేస్తే అది దాటిపోతుంది. ఏసీ పెట్టేవాళ్ళు లోడు పెంచే ఖర్చెవరిదో ముందే తేల్చుకోవాలి. ట్యాంకు కప్పు మీదే కూర్చుంది, షవరుకూ దానికీ మధ్య ఆరడుగుల ఎత్తు కూడా లేదు. మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడే వస్తుంది కాబట్టి షవరు కారుతుందే తప్ప కొట్టదు. బకెట్టు స్నానమే ఖాయం.

మందపాటి గోడల వల్ల ఎండాకాలం మధ్యాహ్నం లోపల చల్లగానే ఉంటుంది. అరుగు అలాగే ఉంచారు, సంతోషం. రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో మాత్రం సందులోకి సామాను బండి రావడం కష్టం, మకాం మార్చడానికి అది అదను కాదు.

అగ్రిమెంటు మామూలు పదకొండు నెలలదే. చేరే రోజు మీ వాటా వాడకాన్ని చూపే సబ్‌మీటరు రీడింగు, యూనిట్ రేటు, ప్యానెల్ పైన రాలుతున్న చోట్ల ఫొటోలు అందులో చేర్పించండి. ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటు ఖర్చు అద్దెదారుదే’ అనే షరతు ఉంటే చెమ్మ వల్ల పోయిన పెయింటుకు అది వర్తించదని రాయించండి. దానికి ఒప్పుకుంటే 6,000 వరకు ఇవ్వొచ్చు.