లీ సీటీఓ జెల్స్: ముఖానికి పావు చాలు, ఫుల్ వద్దు

పోర్ట్రెయిట్‌లో చర్మానికి వెచ్చని రంగు రావాలని ఎడిటింగ్‌లో టెంపరేచర్ స్లైడర్ జరిపితే ముఖం ఒక్కటే మారదు. వెనకున్న సున్నం గోడ, ఆకాశం, మండపానికి కట్టిన మల్లెదండలు అన్నీ పసుపెక్కుతాయి. ఇక మాస్కులు గీసుకుంటూ ఒక్కోదాన్నీ మళ్లీ తెలుపుకి తెచ్చుకోవాలి. ఫ్లాష్ మీద సీటీఓ జెల్ (కలర్ టెంపరేచర్ ఆరెంజ్, వెలుగుని వెచ్చబరిచే నారింజ రంగు పలచటి ప్లాస్టిక్ షీటు) పెడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ఫ్లాష్ వెలుగు ఎంతమేర పడితే అంతమేరే రంగు మారుతుంది. మనిషి వేసుకున్న తెల్లచొక్కా కూడా ఆ వెలుగులోనే ఉంటుంది గనక అదీ కాస్త మీగడ రంగుకి తిరుగుతుంది. అది కుదరదనుకుంటే ఫ్లాష్‌కి గ్రిడ్ (వెలుగు పక్కలకి చెదరకుండా ఆపే జల్లెడలాంటి తొడుగు) తగిలించి వెలుగును ముఖం వరకే కుదించుకోవాలి.

బ్రిటన్ కంపెనీ లీ ఫిల్టర్స్ ఈ జెల్‌ని పలు మోతాదుల్లో అమ్ముతుంది, వాటిలో మనకి కావలసినవి నాలుగు: 204 ఫుల్, 205 అర, 206 పావు, 223 అరపావు. 1.22 మీటర్లు × 0.53 మీటర్ల షీటుగా గానీ, 7.62 మీటర్ల రోలుగా గానీ దొరుకుతుంది. కొత్తగా కొనేవాళ్లు చాలామంది 204తో మొదలుపెడతారు. ముఖాలకి నిజంగా పనికొచ్చేవి 206, 223.

దీని వెనక ఒక లెక్క ఉంది, కంపెనీ పట్టిక పైపైన చూస్తే అది దొరకదు. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు వెచ్చబడుతుంది. 204 ఫిల్టర్ 6500 కెల్విన్‌ని 3200కి దించుతుందని లీ చెబుతుంది. మన ఫ్లాష్ మొదలయ్యేది 6500 దగ్గర కాదు, 5500 దరిదాపుల్లో. జెల్ బలాన్ని మైరెడ్‌లలో కొలుస్తారు: 10 లక్షలను కెల్విన్ సంఖ్యతో భాగిస్తే మైరెడ్ వస్తుంది. 5500 కెల్విన్ ఫ్లాష్ అంటే 182 మైరెడ్. దానికి 204 తాలూకు 159 కలిపితే 341, అంటే సుమారు 2930 కెల్విన్. ఇది 3200 కాదు, ఇంట్లో వెలిగే పాతకాలపు బల్బు రంగు. ఇదే లెక్కన 205 (109 మైరెడ్) సుమారు 3440 దగ్గర, 206 (64) సుమారు 4060 దగ్గర, 223 (26) సుమారు 4800 దగ్గర ఆగుతాయి.

కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్) డేలైట్‌లో ఉంచి 204 పెడితే మనిషి నారింజలో ముంచి తీసినట్టు వస్తాడు. 206 అయితే చామనఛాయ, నలుపు చర్మాల మీద నిండుగా కూర్చుంటుంది. బాగా తెల్లటి ముఖం మీద మాత్రం అదే 206 కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది, అక్కడికి 223 చాలు. పొద్దుగూకే ముందు ఎండలో తీసేటప్పుడు 205 వాడాలి. అప్పటి ఎండ 3500 దరిదాపుల్లో ఉంటుంది, జెల్ లేని ఫ్లాష్ వేస్తే ముఖం ఒక్కటీ చుట్టుపక్కల వెలుగుతో కలవకుండా పాలిపోయి వస్తుంది. పాత బల్బులున్న గదిలో గది వెలుగుకి ఫ్లాష్‌ని జతచేసి, వైట్ బ్యాలెన్స్ టంగ్‌స్టన్‌లో పెట్టుకునే పనికి మాత్రం 204 ఉండాల్సిందే.

జెల్ పెట్టినా తేడా రాలేదని ఫిర్యాదు చేసేవాళ్ల కెమెరా చూస్తే చాలాసార్లు ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంటుంది. మీరు కలిపిన వెచ్చదనాన్ని కెమెరా తప్పుగా లెక్కగట్టి నీలం కలిపి చెరిపేస్తుంది, పైగా ఒక్కో ఫ్రేములో ఒక్కోలా. 5200 నుంచి 5500 మధ్య ఒక అంకె పెట్టి కదపకుండా ఉంచండి. రా ఫైలు (కెమెరా సర్దకుండా దాచే ముడి ఫైలు) తీస్తే తర్వాత సర్దుకోవచ్చు, నిజమే. కానీ స్క్రీన్ మీద రంగు చూడకుండా జెల్ ఎంచుకునేదెలా?

వెలుగు నష్టం: 204 సుమారు 55 శాతం వెలుగునే పోనిస్తుంది, అంటే ఒక స్టాప్‌కి (వెలుగు సగమవడం ఒక స్టాప్) కాస్త తక్కువ పోతుంది. 205కి అర స్టాప్, 206కి మూడోవంతు, 223కి పావు. టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) దీన్ని తనే సర్దుకుంటుంది, మాన్యువల్‌లో పవర్ మీరే పెంచాలి. పెంచేటప్పుడు ఎరుపు ఛానల్ మీద కన్నుండాలి. వెచ్చని వెలుగులో నుదురు, ముక్కు, చెంపల మీద ముందు ఎరుపే నిండిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్) మాత్రం అంతా బాగుందనే చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు కుడి అంచుకి కొట్టుకుంటుంటే ఫ్లాష్‌ని మూడోవంతు స్టాప్ దించండి. ఎర్ర పట్టుచీరలో నేత కనబడకుండా ఎర్రటి మచ్చలా రావడానికీ, పసుపు రాసిన పెళ్లికూతురి చెంపలు చదునుగా రావడానికీ కారణం ఇదే. నలుగు ఫంక్షన్‌కి అసలు జెల్ తీసేయడమే మేలు, అక్కడ పసుపుకి కొదవేముంది.

షీటుని 6 × 13 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే ఒక్క షీటుకి 80 దాకా వస్తాయి. ఒక్కరికి అన్ని అక్కర్లేదు, నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. ముక్క ఫ్లాష్ తలని అంచులదాకా కప్పాలి. పక్కన సందుంటే తెల్ల వెలుగు కారి, జెల్ ఒక మోతాదు తక్కువ వేసినట్టు ఉంటుంది. అలాగని గాజుకి అతుక్కుపోయేలా బిగించకూడదు. ఫుల్ పవర్‌లో వరసగా కొడితే ఆ వేడికి జెల్ వంకరపోతుంది, మధ్యలో రంగు వెలుస్తుంది. వెల్క్రో పట్టీతో కొంచెం ఉబ్బుగా కట్టండి. సాఫ్ట్‌బాక్స్ వాడితే జెల్ లోపల ఫ్లాష్ తలకే. హాలోజెన్ మోడలింగ్ ల్యాంపు (వెలుగు ఎలా పడుతుందో ముందే చూసుకోవడానికి వెలుగుతూ ఉండే దీపం) ఉన్న స్టూడియో లైటైతే ఆ ల్యాంపు ఆర్పేయాలి. కోసిన ముక్కల మీద నంబరు ఉండదు. రిసెప్షన్ హాలు మసకలో 206కీ 223కీ తేడా తెలియదు. మూలన మార్కర్‌తో రాసుకోవాలి.

ఫ్లాష్ వెలుగుని గోడకి కొట్టి మనిషి మీదికి మళ్లించే (బౌన్స్ చేసే) వాళ్లకి ఒక హెచ్చరిక. మీగడ రంగు గోడ తనే వెలుగుని వెచ్చబరుస్తుంది, అక్కడ 206 కలిస్తే ఎక్కువవుతుంది. చౌకరకం ఎల్ఈడీల పచ్చఛాయ కూడా సీటీఓతో పోదు. దానికి ఫ్లాష్ మీద లీ 246 పావు ప్లస్ గ్రీన్ కలిపి, ఎడిటింగ్‌లో టింట్‌ని మెజెంటావైపు తిప్పాలి.

రోస్కో కంపెనీ జెల్స్ కూడా మంచివే, కానీ రెండింటినీ కలపకండి. రోస్కో 3409 పేరుకి పావే అయినా 5500ని 4500కే దించుతుంది, లీ పావు కంటే పలచన. నాటకాల లైట్లకి కట్టే నారింజ జిలాటిన్ కాగితం అసలు వాడకండి. అది నీలాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది, ఏ స్లైడరూ దాన్ని వెనక్కి తేలేదు.

బై-కలర్ ఎల్ఈడీ లైటుతో మాత్రమే తీసేవాళ్లకి ఈ ఖర్చు దండగ, నాబ్ తిప్పితే చాలు. ఫ్లాష్ వాడేవాళ్లు ముందు ఒక 206 షీటు, వీలైతే ఒక 223 తెచ్చుకోండి. 204 పాత బల్బుల గదులు తగిలినప్పుడు చూసుకోవచ్చు.