రిపేర్‌లో ఉన్న మోటార్‌హోమ్‌లోనే (మంచం, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి) ఉండాలా, బయట రూమ్ తీసుకోవాలా?

ఖర్చు: బండిలోనే ఉంటే రూమ్ అద్దె మిగులుతుంది. బయటకెళ్తే అద్దెతో పోదు, తిండి, తిరగడానికి ఇంకో బండి, అన్నీ తోడవుతాయి. మీ ఇన్సూరెన్స్‌లో బస ఖర్చు కవర్ అవుతుందేమో ముందే కనుక్కోండి.

శ్రమ: బండిలో అయితే రోజూ మెకానిక్ వచ్చేలోపు మంచం మడిచి, గిన్నెలు సర్ది, కుక్కపిల్లని పట్టుకుని బయటపడాలి. రూమ్ అయితే ఒక్కసారి సర్దుకుంటే అయిపోయె.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. గ్యాస్ లైన్ విప్పినా, బండిని జాకీల మీద లేపినా, బాడీకి ఫైబర్‌గ్లాస్ రెసిన్ (గట్టిపడే జిగురు లాంటిది) పూస్తున్నా లోపల పడుకునే మాటే వద్దు, ఆ రెసిన్‌లోంచి వచ్చే స్టైరీన్ అనే రసాయనం ఆవిరికి కళ్లు మండిపోయి తలనొప్పి పట్టుకుంటుంది. బయటి కరెంట్ తీసేస్తే 12 వోల్టుల బ్యాటరీ మీద లైట్లు వెలుగుతాయి గానీ ఏసీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కొన్ని షెడ్లలో రాత్రి ఉండనివ్వరు కూడా, అడిగి తెల్సుకోండి.

ఎవరికి ఏది: ఫ్రిజ్, కిటికీ రబ్బరు లాంటి చిన్న పని, షెడ్ వాళ్లు కరెంట్ ప్లగ్ ఇస్తామంటే బండిలోనే ఉండిపోండి. పార్ట్ కోసం వెయిటింగ్ అయితే, బండి కదిలే స్థితిలో ఉంటే, అది వచ్చేదాకా క్యాంప్‌గ్రౌండ్‌లో (ఇలాంటి బండ్లు ఆపుకుని ఉండే చోటు) పెట్టుకుంటామని అడగండి, ఇది చాలామందికి తట్టదు. గ్యాస్, బాడీ పని, లేదా చిన్నపిల్లలు ఉంటే మాత్రం రూమే.