పిల్లలు దేవుడి గురించి అడిగితే ఏం చెప్పాలి? గుంటూరు బ్రాడీపేటలో పేరెంట్స్ క్లాస్, నా రివ్యూ

గుంటూరులో గానీ చుట్టుపక్కల గానీ ఉండే క్రైస్తవ కుటుంబాల వాళ్ళు, ఇంట్లో ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలుంటే ఈ క్లాస్‌కి తప్పకుండా వెళ్ళండి. 5కి 4 ఇస్తున్నా, ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాస్తా. బ్రాడీపేటలో ఒక చర్చి వాళ్ళు తల్లిదండ్రుల కోసమే పెడుతున్నారండి, శనివారం సాయంత్రాలు, మొత్తం ఆరు వారాలు. పబ్లిసిటీ వద్దన్నారు కాబట్టి చర్చి పేరు రాయట్లేదు, ఆ ఏరియాలో మీకు తెలిసిన సంఘం వాళ్ళని అడగండి చెప్తారు. ఫీజు లేదు, బుక్‌లెట్‌కి మాత్రం 60 రూపాయలు తీసుకున్నారు. ఏ సంఘం వాళ్ళైనా రావచ్చు, మా బ్యాచ్‌లో లూథరన్స్ ఉన్నారు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు ఉన్నారు, పెంతెకొస్తు వాళ్ళు ఉన్నారు, సిద్ధాంతాల గొడవలు ఎక్కడా రాలేదు.

అసలు ఇలాంటి క్లాస్ ఎందుకు అంటే, గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ గారు వచ్చింది 1842లో, ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మొదలైంది 1885లో, ఇక్కడ చాలా ఇళ్ళల్లో నాలుగైదు తరాల నుంచి విశ్వాసం ఉంది. తాతగారు సంఘ పెద్ద, నాన్న కమిటీ మెంబరు, అమ్మ స్త్రీల సమాజం, ఇంక పిల్లలకి అదే వచ్చేస్తుందిలే అనుకుంటాం. సండే స్కూల్‌కి పంపిస్తాం, ఎండాకాలం వీబీఎస్‌కి (సెలవుల్లో పెట్టే బైబిల్ స్కూల్) పంపిస్తాం, కంఠత వాక్యాలు గడగడా చెప్పి ప్రైజు తెచ్చుకుంటే ఫొటో స్టేటస్ పెట్టుకుంటాం. కానీ ఏడో క్లాసో ఎనిమిదో క్లాసో వచ్చేసరికి వాళ్ళ ప్రశ్నలు మారిపోతాయండి. అంతమంది ఉపవాసముండి ప్రార్థన చేశారు కదా, మరి నానమ్మ ఎందుకు చనిపోయింది? మా ఫ్రెండ్ చాలా మంచోడు, వాళ్ళింట్లో వేరే దేవుణ్ణి కొలుస్తారు, వాడి సంగతేంటి? క్లాసులో వినాయక చవితి ప్రసాదం పెట్టారు, తినొచ్చా వద్దా? వీటికి మన ఇళ్ళల్లో మామూలుగా వచ్చే జవాబు ఒకటే, "అలా అడక్కూడదు నాన్నా, ప్రార్థన చేసుకో". రెండుమూడుసార్లు ఆ మాట విన్నాక పిల్లలు అడగడం మానేస్తారు, మనమేమో విశ్వాసంలో స్థిరంగా ఉన్నారని సంతోషపడతాం.

క్లాస్ చెప్పేది ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు, పక్కన చిన్న వయసు పాస్టర్ అయ్యగారు ఒకరు. మొదటి వారం ఆవిడ బైబిల్లో మూడు చోట్లు తెరిపించారు, నిర్గమకాండం 12, ద్వితీయోపదేశకాండం 6, యెహోషువ 4. మూడింట్లోనూ మొదట నోరు తెరిచేది పిల్లలేనండి. పస్కా పండుగ ఆచారం ఏంటని పిల్లలు అడిగినప్పుడు, ఈ ఆజ్ఞలెందుకని కొడుకు అడిగినప్పుడు, యొర్దాను నది నుంచి తెచ్చిన ఈ రాళ్ళేంటని అడిగినప్పుడు, అప్పుడు పెద్దవాళ్ళు చెప్పాలి అని ఉంటుంది. నేను చిన్నప్పటి నుంచి చదువుతున్న భాగాలే, ఈ వరస ఎప్పుడూ గమనించలేదు. అడగడమే తప్పైతే యేసుప్రభువు పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు వేస్తూ ఎందుకు కనపడతాడమ్మా అని ఆవిడ అడిగితే హాల్లో ఒక్కరూ మాట్లాడలేదు.

ఇంకోటి, ద్వితీయోపదేశకాండం 6:7లో పిల్లలతో ఎప్పుడు మాట్లాడాలో ఉంది కదా, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అన్నీ ఇంటి దగ్గరా దారిలోనూ జరిగేవే. అందుకని హోంవర్కు ఏమిచ్చారంటే, కుటుంబ ప్రార్థన ఎలా చేస్తారో అలాగే చేసుకోండి, దాన్ని ఇంకా పొడిగించొద్దు, పిల్లల్ని బండి మీద ట్యూషన్‌కి దింపేటప్పుడు, గిన్నెలు సర్దేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి, జవాబు రాకపోయినా పర్లేదు అని. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు, స్కూటీ వెనక కూర్చుంటే మన మొహం కనపడదు కాబట్టి మాటలు వచ్చేస్తాయి. ఇది నిజంగా పనిచేస్తుందండి.

నా వరకు ఈ కోర్సంతటికీ ప్రాణం మూడో వారమే, చావు, జబ్బు, జవాబు రాని ప్రార్థనల గురించి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరు పిల్లాడు ఒకరు తల్లి లాగా మాట్లాడించారు, పెద్దవాళ్ళం పిల్లల వైపు కూర్చుని ఆ ప్రశ్న అడుగుతుంటే గొంతు పూడుకుపోతుంది. ఒకాయన, భార్య కాన్సర్‌తో పోయారట, వాళ్ళ పాప ఒకరోజు రాత్రి ప్రార్థన చెయ్యకుండా నిద్రపోయిందట, అమ్మ నా వల్లే పోయింది అని ఇప్పటికీ అంటుందని చెప్పి ఏడ్చేశారు. టీచరమ్మ గారు ఆయన్ని కాసేపు ఏడవనిచ్చారు. తర్వాత యోహాను 9 చదివించారు, పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతను పాపం చేశాడా ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు కదా, ఆ "కాదు" అనే మాట ముందు పాపకి చెప్పండి, నీ వల్ల కాదమ్మా అని సూటిగా చెప్పండి, పరలోకం గురించి తర్వాత చెప్పొచ్చు అన్నారు. చనిపోయిన స్నేహితుడు లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు, మరి మనం పిల్లలకి ఏడవొద్దు, అమ్మ దేవుడి దగ్గరుంది అని అంత తొందరగా ఎందుకు చెప్పాలి? 13వ కీర్తనలో ఎన్నాళ్ళయ్యా అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు, అదీ ప్రార్థనే అని పిల్లలకి తెలియాలి. మనకి జవాబు తెలియకపోతే తెలీదు అనాలంట, కానీ "నాకూ తెలీదు, ఇద్దరం కలిసి అడుగుదాం" అనాలి, తెలీదు అనేసి లేచిపోకూడదు.

నాలుగో వారం చదువుల గురించి. మన గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ అంటే హాస్టలే కదా, చాలా కాలేజీల్లో ఆదివారం కూడా టెస్టులో స్టడీ అవరో ఉంటుంది, చర్చి పోతుంది, దొరికేది ఆ నాలుగు నిమిషాల ఫోను. ఆ నాలుగు నిమిషాల్లో మనం అడిగేది మార్కులెన్ని, తిన్నావా, ప్రార్థన చేసుకున్నావా. ఈ మూడూ అటెండెన్స్ తీసుకున్నట్టే ఉంటాయి అన్నారు అయ్యగారు. ముందు బిడ్డ దేనికి భయపడుతుందో అడగండి, ఫోన్ పెట్టేసే ముందు ఆ భయం పేరు పెట్టి ఒక్క వాక్యం ప్రార్థన చెయ్యండి, చాలు అన్నారు. ఇంకో మాట చాలా ధైర్యంగా చెప్పారండి, చర్చిలో రిజల్ట్స్ వచ్చిన ఆదివారం ర్యాంకు వచ్చిన పిల్లల్ని ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం, కృతజ్ఞతార్పణ వేయిస్తాం, ఫెయిలైన పిల్ల వెనక బెంచీలో కూర్చుని ఏమనుకుంటుంది, దేవుడు నన్ను ఆశీర్వదించలేదు అనే కదా. ఒక పాస్టర్ నోటి నుంచి ఇది వినాలని నేను చాన్నాళ్ళుగా ఎదురు చూస్తున్నా. అదే రోజు ప్రవక్త ఏలీయా కథ చెప్పారు, చచ్చిపోవాలనుంది ప్రభువా అని బదరీ వృక్షం కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు, లేచి తిను అంది, మళ్ళీ పడుకోనిచ్చింది, మళ్ళీ తినమంది. పిల్లలు చనిపోవాలనే మాట అంటే దాన్ని విశ్వాసం తక్కువై అన్నమాటగా తీసుకోవద్దు, ప్రార్థన చేస్తూనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి అని గట్టిగా చెప్పారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 బుక్‌లెట్‌లో వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేశారు. ఇది మాత్రం ప్రతి సంఘంలో నోటీసు బోర్డు మీద ఉండాలి.

ఇక బాలేనివి. ఫోన్ల గురించి వారం అస్సలు తేలిపోయింది, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ తీసేసుకోండి, బైబిల్ యాప్ వేయండి, ఇంతే, ఇన్‌స్టాలో మతం గురించి కామెంట్లు చదివి పిల్లలు ఎంత నలిగిపోతున్నారో ఎవరూ ఎత్తలేదు. ప్రసాదం ప్రశ్నకి మాత్రం రోమా 14 తీసి బాగానే చెప్పారు, తినకపోతే మర్యాదగా థాంక్స్ చెప్పి వద్దు అనమని పిల్లలకి చెప్పాలి, ఫ్రెండ్ దేవుణ్ణి ఒక్క మాట కూడా తక్కువ చెయ్యకూడదు అని. బుక్‌లెట్ భాష పిల్లలకి అందదు, మొత్తం గ్రాంథికంలా ఉంది, మన పిల్లలు చాలామంది ఇంగ్లీష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతారు, వాళ్ళకి పది ప్రశ్నలైనా మామూలు మాటల్లో వేయాల్సింది. చిన్నపిల్లలు ఆడుకోవడానికి వేరే గది లేదు, రెండేళ్ళ బాబుతో వచ్చిన తల్లి సగం క్లాస్ వరండాలోనే గడిపింది. తండ్రులు మరీ తక్కువ. ఎఫెసీ 6:4 తండ్రులారా అనే కదా మొదలయ్యేది, శనివారం సాయంత్రం షాపు కట్టేసి రాలేని వాళ్ళ కోసం ఆదివారం మధ్యాహ్నం ఒక బ్యాచ్ పెట్టాలి, నేను రాసిచ్చాను కూడా.

అన్నిటికంటే పెద్ద లోటు కులం గురించి ఒక్క మాట లేకపోవడం. పదో తరగతి అయ్యాక అప్లికేషన్ నింపేటప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న అది, అమ్మా మనం ఎస్సీనా బీసీ-సీ నా, సర్టిఫికెట్‌లో ఒకటి ఉండి ఆదివారం చర్చికి వెళ్తే తప్పు చేస్తున్నట్టా అని. ఎస్సీలు ఎవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఆర్డర్ ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు, ఈ రెండు మాటల మధ్య ఎంతమంది పిల్లలు లోలోపల సిగ్గుపడుతూ పెరుగుతున్నారో మనందరికీ తెలుసు. చట్టం ఏం చెయ్యాలనేది క్లాసులో తేలదు, నాకు తెలుసు, కానీ దేవుడి దగ్గర నువ్వు తక్కువ కాదు, మన తాతలు చర్చి తలుపు తట్టిందే గౌరవం కోసం అని బిడ్డకి ఎలా చెప్పాలో నేర్పొచ్చు కదా. ఒక ఆవిడ అడిగితే అది వేరే సబ్జెక్ట్ అమ్మా అని దాటేశారు. నేను తగ్గించిన ఆ ఒక్క మార్కు దీనికే.

మా ఇంట్లో అయితే పాప ఇప్పుడు ట్యూషన్ దారిలో మాట్లాడుతోంది, మొన్న బైబిల్లో కష్టాలు పడ్డ యోబు గారి పిల్లలు ఏం తప్పు చేశారని చనిపోయారు, తర్వాత వేరే పిల్లల్ని ఇస్తే సరిపోతుందా అని అడిగింది. ఇంకా మాట్లాడుకుంటున్నాం దాని మీద. మా వారు కూడా వచ్చే బ్యాచ్‌కి వస్తానన్నారు.

వచ్చే బ్యాచ్ దసరా సెలవల తర్వాత మొదలవుతుందట, ముప్పై మంది కంటే తీసుకోరు కాబట్టి ముందే పేరిచ్చుకోండి. భార్యాభర్తలు కుదిరితే ఇద్దరూ వెళ్ళండి, రోల్ ప్లేలు ఇంటికొచ్చి మళ్ళీ చేసుకోవచ్చు. శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల వల్ల అటు ట్రాఫిక్ బాగా ఎక్కువ, కారు పెట్టుకోవడానికి చోటు లేదు, టూ వీలర్ మీదో ఆటోలోనో వెళ్ళండి, ఆరింటికి అంటే సరిగ్గా ఆరింటికే మొదలుపెడతారు.