అసలు బ్రహ్మకమలం కోసం హేమకుండ్ దాకా

మల్కాజిగిరిలో మా పక్కింటి పిన్నిగారి డాబా మీద బ్రహ్మకమలం పూసిందంటే ఆ రాత్రి వీధిలో సగం మంది అక్కడే ఉంటాం. పసుపు, కుంకుమ, హారతి, ఫొటోలు. తెల్లారేసరికి పువ్వు వాలిపోతుంది. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ అని, హిమాలయాల్లో పూసే బ్రహ్మకమలం వేరని, అది మన చామంతి కుటుంబానిదని తెలిసినప్పటి నుంచి నాకు దాని మీదే మనసు. మొన్న ఆగస్టులో నేనూ మా ఆయనా దాని కోసం ఉత్తరాఖండ్‌లోని హేమకుండ్‌కు వెళ్లొచ్చాం. కొండల పైన సరస్సు, దాని ఒడ్డున సిక్కుల గురుద్వారా ఉన్న చోటు అది.

ఢిల్లీకి విమానం, హరిద్వార్‌కు రైలు, అక్కడి నుంచి జోషీమఠ్‌కు కారు. ఈ కారు ప్రయాణమే టెన్షన్. వానాకాలం కదా, కొండచరియలు విరిగిపడి నాలుగు గంటలు దారిలోనే ఆగిపోయాం. తిరుగు టికెట్‌కు ముందు కనీసం ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు ఉంది. ఆపైన హేమకుండ్ ఎక్కే ముందు రాత్రి దిగే ఊరు ఘాంఘరియాకు సుమారు పది కిలోమీటర్లు నడకే. అక్కడ మేం దిగిన లాడ్జి బాగా నిరాశపరిచింది. ఫోన్‌లో వేడినీళ్లు ఉంటాయన్నారు, తీరా వెళ్తే బకెట్‌కు విడిగా డబ్బు కట్టమన్నారు. దుప్పట్లు చెమ్మ వాసన. మర్నాడే ఆ ఊళ్లోని గురుద్వారాకు మారిపోయాం. హాల్లో అందరితో కలిసి పడుకోవాలి, కానీ కంబళ్లు పొడిగా ఉన్నాయి. లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, వేడి రొట్టె, పప్పు కడుపునిండా పెట్టారు. డబ్బు అడగరు, తోచినంత హుండీలో వేశాం. మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే వెళ్తాను.

ఘాంఘరియా నుంచే వెళ్లే పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) అందమైనదే, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. నడక కూడా తేలిక. కానీ మీకు కావలసింది బ్రహ్మకమలమైతే హేమకుండ్ దారి పట్టండి. ఆరు కిలోమీటర్లే, కానీ వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. మా ఆయన మోకాళ్ల నొప్పితో గుర్రం మాట్లాడుకున్నారు. ఎక్కేటప్పుడు పర్వాలేదు, దిగేటప్పుడు తడి రాళ్ల మీద దాని కాళ్లు జారుతుంటే గుండె ఆగినంత పనైంది. దిగడం మాత్రం నెమ్మదిగా నడిచే దిగండి.

చెట్లన్నీ అయిపోయాక, సరస్సు ఇంకా కాస్త పైన ఉందనగా, రాళ్ల మధ్య కనిపించాయి. తెలుపు కాదు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ. పలచటి కాగితంలాంటి రేకులు ఒకదాన్నొకటి కప్పుకుని దొప్పలా ముడుచుకున్నాయి, వాటి మీద మంచు బొట్లు. వంగి లోపలికి చూస్తే బొత్తాల్లాంటి ముదురు ఊదా పూలగుత్తులు. అసలు పూలు అవే. పైన ఉన్నవి వాటిని చలి నుంచి, వాన నుంచి కాపాడే ఆకులు. ఘాటైన వాసన. బదరీ, కేదార్‌లలో దేవుడికి పెట్టేది ఈ పువ్వే. దయచేసి ఎవరూ కోయకండి.

పైన గురుద్వారాలో వేడి కిచిడీ, టీ ఇచ్చారు. రాత్రి అక్కడ ఉండనివ్వరు, మధ్యాహ్నమే దిగిపోవాలి.

ఇంటికొచ్చాక పిన్నిగారికి ఫొటో చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, లోపలి ఊదా పూలను చాలాసేపు చూశారు.

"ఈ మోకాళ్లతో నేను ఎక్కగలనంటావా అమ్మా?"

"పైకి గుర్రం ఉంది పిన్నిగారూ. దిగేటప్పుడు నేను చెయ్యి పట్టుకుంటా. వచ్చే ఆగస్టుకి చేద్దామా టికెట్లు?"