పాత వెస్ట్‌సెయిలా, పాత కాంటెస్సానా?

రెండూ 32 అడుగుల తెరచాప పడవలే. పోలిక అక్కడితో సరి. అమెరికా వెస్ట్‌సెయిల్ దాదాపు 9 టన్నులు. బ్రిటన్ కాంటెస్సా అందులో సగమే. పిల్లగాలికి మొదటిది కదలడమే గగనం, రెండోది చకచకా సాగిపోతుంది. నెలల తరబడి నీళ్లు, తిండి మోయాలంటే మాత్రం వెస్ట్‌సెయిలే. కాంటెస్సా కడుపు చిన్నది.

తుఫానుకు రెండూ జంకవు. 1979లో తుఫానులో చిక్కుకున్న ఫాస్ట్‌నెట్ సముద్ర పడవల పందెంలో, చిన్న పడవల తరగతిలో గమ్యం చేరిన ఒకే ఒక్క పడవ కాంటెస్సాయే. 1991 తుఫానులో మనుషులు వదిలేసిన వెస్ట్‌సెయిల్ ‘సటోరి’ తనంతట తానే ఒడ్డుకు చేరింది!

నా ఓటు కాంటెస్సాకే. ఏది కొన్నా, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కుతాళ్లను మొదళ్ల దగ్గర గుడ్డతో తుడవండి. గుడ్డ దారం చిక్కుకుందా, ఉక్కు పోగు తెగినట్టే. తాళ్లన్నీ మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.