సైనాలజీ డీఎస్923 ప్లస్: వీఎం బ్యాకప్‌లకు ఎలా కలపాలి?

వీఎంల (వర్చువల్ మెషీన్‌లు, అంటే ఒకే కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లు) బ్యాకప్‌లు దాచడానికి ఈ నాస్ (నెట్‌వర్క్ మీద వాడే స్టోరేజ్ పెట్టె) గట్టిదే, కానీ దీంతో వచ్చేవి రెండు 1 గిగాబిట్ పోర్టులే. ఒక్కో పోర్టులో సెకనుకు 110 ఎంబీకి అటూ ఇటూ; 1 టీబీ ఫుల్ బ్యాకప్‌కు రెండున్నర గంటలు పడుతుంది. 10 గిగాబిట్ కార్డు విడిగా కొనాలి.

ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతి) చాలు. షేర్‌లో (పంచిన ఫోల్డర్‌లో) హోస్ట్ (ప్రాక్స్‌మాక్స్ నడిచే సర్వర్) ఐపీకి మాత్రమే అనుమతివ్వండి. పర్మిషన్ ఎర్రర్ వస్తే ముందు స్క్వాష్ సెట్టింగ్ (వచ్చిన యూజర్‌ను నాస్ ఏ యూజర్‌గా లెక్కించాలో చెప్పేది) చూడండి, 'నో మ్యాపింగ్' ఉండాలి. ఐస్కజీ (నాస్‌లోని జాగాను సర్వర్‌కు సొంత డిస్కులా చూపే పద్ధతి) వేగమని ఎగబడొద్దు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) ఉన్న ఒకే లన్‌ను (ఐస్కజీతో ఇచ్చే డిస్కును) రెండు విండోస్ సర్వర్లకు తగిలిస్తే ఒకదాని రాత ఇంకోదానికి తెలీదు, ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. ఎంటీయూ (ఒక్కో నెట్‌వర్క్ ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెడితే స్విచ్‌తో సహా అన్నిచోట్లా పెట్టాలి. లేకుంటే మామూలు పింగ్ బాగానే పోతుంది, బ్యాకప్ మధ్యలో బిగుసుకుంటుంది.

అనంతపురం ఎండలకు దీన్ని మూసిన బీరువాలో పెట్టకండి. యూపీఎస్ యూఎస్‌బీ తీగ కూడా నాస్‌కు తగిలించి, సెట్టింగ్‌లలో యూపీఎస్ సపోర్ట్ ఆన్ చేయండి, కరెంటు పోతే తనంతట తానే సురక్షితంగా ఆగుతుంది.