క్రిబ్ మీద కట్టే పిల్లి వల: కొనకండి, ఆ డబ్బు తలుపుకి పెట్టండి

ఇంట్లో పిల్లి ఉండి, కాన్పు దగ్గరపడుతోందంటే ఈ వల గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. పిల్లి లోపలికి దూకకుండా క్రిబ్ (పసిపిల్లల కటకటాల మంచం) నాలుగు మూలలకీ సాగే పట్టీలతో తగిలించే సన్నటి వల, ఒక పక్క జిప్, డబ్బా మీద దాని కింద హాయిగా నిద్రపోతున్న పాప ఫొటో. మేమూ తెప్పించాం. పాప పుట్టకముందే బిగించి, మా పిల్లి ఏం చేస్తుందో చూద్దామని అలాగే ఉంచాం. ఐదుకి ఒకటిన్నర స్టార్లు ఇస్తున్నా, అది కూడా కుట్టు గట్టిగా ఉన్నందుకే.

పిల్లి దాని మీదకెక్కి పడుకుంది. నాలుగైదు కిలోల బరువు పడేసరికి వల మధ్యలో జోలెలా కిందికి దిగిపోయింది. అప్పుడే పుట్టిన పిల్లలకి పరుపుని పై మెట్టులోనే బిగిస్తాం కదా, చెయ్యి పెట్టి చూస్తే వలకీ పరుపుకీ మధ్య జానెడు కూడా లేదు. అంటే అక్కడ పాప ఉంటే పిల్లి పొట్ట సరిగ్గా పాప మొహం మీద ఉన్నట్టే. దిగేటప్పుడు వెనక కాలి గోరు వల కంతలో ఇరుక్కుంది, విడిపించుకోవాలని అది గింజుకుంటుంటే ఒక మూల పట్టీ ఊడి వల మొత్తం క్రిబ్ లోపలికి పడింది. పాప పడుకునే చోట దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మ ఏదీ ఉండకూడదు, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి అని పిల్లల డాక్టర్లు అంతగా చెబుతుంటే, ఊడి పడే వలని మనమే తెచ్చి పైన కట్టడమేంటి?

ఇది మాకొక్కరికే వచ్చిన అనుమానం కాదు. అమెరికాలో వినియోగదారుల వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇలా క్రిబ్ మీదా, ప్లేపెన్ (పిల్లల్ని ఆడుకోవడానికి వదిలే చిన్న కంచె) మీదా అమర్చే టెంట్లు కొన్నిటిని 2010లోనూ 2012లోనూ మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది, 2008లో ఒక రెండేళ్ల బాబు మెడ ఇరుక్కుని చనిపోయాడు కాబట్టి. అది పిల్లి వల్ల జరిగింది కాదు, ఆ టెంట్ వల్లే. కాస్త పెద్దయి లేచి నిలబడే పిల్లలున్న వాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

అసలు పిల్లి వల్ల భయం ఎంత? పిల్లి పసిపిల్లల ఊపిరి పీల్చేస్తుందనే మాట పూర్తిగా అబద్ధం, దాన్ని నమ్మి ఏళ్ల తరబడి పెంచుకున్న పిల్లిని ఎవరికో ఇచ్చేయకండి, దయచేసి. పిల్లికి కావాల్సింది వెచ్చదనం. పాప ఒళ్లు వెచ్చగా ఉంటుంది, పరుపు శుభ్రంగా ఉంటుంది, చోటు ఎత్తులో ఉంటుంది, దానికి ఇంతకంటే ఏం కావాలి! చిక్కల్లా పాప వైపు నుంచే. మొదటి నెలల్లో పిల్లలు సరిగ్గా తల ఎత్తలేరు, అడ్డొచ్చినదాన్ని తోసెయ్యలేరు, ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, అందుకే మొహానికి ఆనుకుని ఏం పడుకున్నా ప్రమాదమే. అలా జరగడం చాలా చాలా అరుదు, నిజమే. కానీ చూసే మనిషి లేకుండా ఆ ఇద్దరినీ ఒక గదిలో వదలకపోతే ఆ అరుదైనది కూడా జరగదు, ఇంత తేలిగ్గా తప్పించగల ప్రమాదం ఇంకోటి నాకు తెలీదు.

అందుకే మా డబ్బుకి నిజంగా పనికొచ్చింది గది గుమ్మానికి పెట్టించిన మెష్ తలుపు. దీనికి ఐదుకి ఐదు. గాలి ఆడుతుంది, పాప కదిలినా వినిపిస్తుంది, పిల్లి అవతల కూర్చుని లోపల ఏం జరుగుతోందో చూసుకుంటుంది కాబట్టి మూసిన చెక్క తలుపు ముందు చేసేంత గొడవ చెయ్యదు. దోమల కోసం వేసే మామూలు మెష్ మాత్రం వద్దు, గోళ్లకి రెండు రోజులు ఆగదు. పెంపుడు జంతువులున్న ఇళ్ల కోసమని మందంగా వచ్చేది అడగండి, గొళ్లెం కూడా తలతో తోస్తే తెరుచుకోనిది ఉండాలి.

పాపని కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పడకలో పడుకోబెట్టమంటారు కదా, అంటే ఈ తలుపు పెట్టాల్సింది మీ పడకగదికే. ఇన్నాళ్లూ మీ కాళ్ల దగ్గర పడుకున్న పిల్లి రాత్రిళ్లు బయటుండాలి. ఇది కాన్పుకి నెలల ముందే మొదలుపెట్టండి, పాప వచ్చిన రోజే గెంటేస్తే పాపం అది బెంగ పెట్టుకుంటుంది, టెన్షన్‌లో కొన్ని పిల్లులు ఎక్కడపడితే అక్కడ ఉచ్చ పోస్తాయి కూడా. మొదట్లో తెల్లవారుజామున తలుపు గీరుతూ అరుస్తుంది, తెరిచారంటే అరిస్తే తెరుస్తారని నేర్చుకుంటుంది, గుండె రాయి చేసుకోవాల్సిందే. నీళ్లు, పడుకునే బుట్ట, లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలు పోసే తొట్టి) అన్నీ దాని వైపే పెట్టండి. ఆ ట్రే మాత్రం గర్భిణి శుభ్రం చెయ్యకూడదు, ఇంట్లో ఇంకెవరైనా రోజూ చెయ్యాలి, ఎందుకంటే పిల్లి మలంలో టాక్సోప్లాస్మా (కడుపులో బిడ్డకి హాని చేయగల పరాన్నజీవి) ఉంటే అది అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, రోజూ తీసేస్తే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

కెమెరా మానిటర్ గురించి అడుగుతున్నారు కొందరు. ఉంటే మంచిదే, కానీ అది చూపిస్తుంది, ఆపదు. మీరు స్నానంలో ఉంటే పిల్లి క్రిబ్ ఎక్కడం ఫోన్‌లో కనిపించి ఏం లాభం?

ఇంకొకటి, తలుపు గొళ్లెం వేసే ముందు మంచం కింద, బీరువా మీద, తెర వెనక ఒకసారి చూడండి. మా పిల్లి ఉతికిన బట్టల బుట్టలో దూరి పడుకునేది.